వెతికినది ఒకటి, దొరికినవి అనేకం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కీళ్ళవాతంతో బాధపడే రోగికి మా వైద్యులు తరచుగా రెండు మందులను ఒకే చీటీ మీద రాస్తారు. వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ ఒకటి, దానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం మరొకటి. మొదటిది శరీర కణాలలో ఫోలిక్ ఆమ్లం చేయవలసిన పనికి అడ్డుపడుతుంది. రెండవది ఆ అడ్డు వల్ల కలిగే నోటిపూత, వికారం వంటి బాధలను తగ్గిస్తుంది. ఒకదానికొకటి విరుద్ధమైన ఈ రెండు మందులూ న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్ళో, ఒకే పరిశోధనశాలలో, ఒకే దశాబ్దంలో రూపుదిద్దుకొన్నాయి. ఆ కాలంలో అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

మన సభలలో ఆయన పేరు వినిపించని సంవత్సరం ఉండదు. అయితే వినిపించే తీరు మాత్రం ఎప్పుడూ ఒక్కటే. ఆయన కనుగొన్నవని ఓ జాబితా చదువుతారు, నోబెల్ బహుమతి రాలేదని నిట్టూరుస్తారు, చప్పట్లతో ముగిస్తారు. ఈ దేశంలోనే పుట్టి పెరిగి, వైద్య కళాశాలలలోనూ పరిశోధనశాలలలోనూ అడుగుపెడుతున్న మన పిల్లలకు ఆ జాబితా చాలదని నా అభిప్రాయం. ఆ జాబితాలో కొన్ని అతిశయోక్తులున్నాయి. అంతకన్నా ముఖ్యంగా, అందులో మనిషి కనబడడు. అందుచేత ఈ సంచికలో ఆయన జీవితాన్ని మొదటి నుంచి చెప్పబోతున్నాను.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. పదమూడేళ్ళ వయస్సులో బాలుడు సుబ్బారావు ఇంటి నుంచి పారిపోయాడు. కాశీకి పోయి, అక్కడి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలన్నది అతని ఆలోచన. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనక్కు తెచ్చారు. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి మూడవసారి గట్టెక్కాడు. తరువాతి కాలంలో ప్రపంచంలోని ప్రతి జీవరసాయన విద్యార్థీ చదివే పేరు ఇతనిది అవుతుందని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యసించి సేవలో జీవితం గడపాలనుకొన్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే మఠం వారు చేర్చుకోరు. ముందు వైద్యం చదువుకొమ్మని, రోగులకు సేవ చేయడానికి కాషాయమే అక్కరలేదని వారే సలహా ఇచ్చారు. ఆ సలహాయే ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు చేర్చింది. చదువుకు డబ్బు లేదు. మిత్రులు కొంత సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అంతకంటే ఎక్కువ సాయం చేసి, 1919లో తమ కుమార్తె శేషగిరిని ఆయనకిచ్చి వివాహం జరిపించారు. ఆమె పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో మళ్ళీ రావలసి ఉంది.

అవి గాంధీజీ పిలుపుకు దేశం కదులుతున్న రోజులు. విదేశీ వస్త్రాన్ని విడిచిన సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఆంగ్లేయుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది రుచించలేదు. మిగిలిన విషయాలన్నింటిలో బాగా రాసినా చివరకు ఆయన చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగమూ దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఆయన జీవితం మొత్తానికి దిశ చూపిన సంఘటన మాత్రం కళాశాలలో కాక ఇంట్లో జరిగింది. సోదరులిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, స్ప్రూ అనే జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో మరణించారు. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచే వ్యాధులలో ఇది ఒకటి. ప్రేగు తిన్నదాన్ని పీల్చుకోలేదు. విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం పలచబడుతుంది, మనిషి చూస్తుండగానే ఎముకల గూడుగా మారిపోతాడు. ఆ రోజుల్లో దానికి కారణం తెలియదు, మందు లేదు. అదే వ్యాధి సుబ్బారావునూ పట్టుకొంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొన్నారు. పాశ్చాత్య వైద్యపు పట్టా చేతిలో ఉన్న యువకుడు తన తోబుట్టువులను కాపాడలేకపోయాడు. తాను బ్రతికింది తన పుస్తకాలలో లేని మందుతో. ఆ మందులో పనిచేసిన పదార్థమేమిటో, ఈ వ్యాధి రక్తాన్ని ఎందుకు చెరుస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనను విదేశానికి నడిపించిందని నేను నమ్ముతాను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు మరికొంత సమకూర్చారు. గర్భవతి అయిన భార్యను పుట్టింటి వారికి అప్పగించి, 1920ల ఆరంభంలో ఆయన బోస్టన్ ఓడరేవులో దిగారు.

ఆయన దిగిన దేశం ఎటువంటిదో ఒక్క మాట చెప్పాలి. 1917 నాటి చట్టం భారతీయులు వలస రాకుండా తలుపు మూసింది. విద్యార్థులకు మాత్రం కిటికీ తెరిచి ఉంచింది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ తింద్ అనే పంజాబీ సైనికుని వ్యాజ్యంలో అమెరికా సుప్రీం కోర్టు, భారతీయులకు పౌరసత్వం పొందే అర్హతే లేదని తీర్పు చెప్పింది. మా తరం వారికి 1965 నాటి చట్టం ఎర్ర తివాచీ పరచింది. వైద్యులు కావాలని పిలిచి మరీ తీసుకొన్నారు. సుబ్బారావుకు ఆ పిలుపు లేదు. ఇక్కడ ఎంత చదివినా, ఎంత సాధించినా ఆయన చట్టం దృష్టిలో పరదేశియే.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్య విభాగాధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనను చేర్చుకొన్నారు. కానీ ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఇక్కడ వైద్యుడిగా జీతం తీసుకొనే వీలు లేదు. పగలు తరగతులు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే ఉద్యోగం. ఆ ఆసుపత్రి, హార్వర్డ్ వైద్య కళాశాల ఒకదానికొకటి ఆనుకొనే ఉంటాయి. నేటికీ మన పిల్లలెందరో రెసిడెన్సీ కోసం అక్కడికి వెళ్ళాలని కలలు కంటారు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తయిన తరువాత ఆయన ఓటో ఫోలిన్ ఆధిపత్యంలోని జీవరసాయన విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పని దొరికింది.

ఫిస్కే ఇచ్చిన సమస్య చూడడానికి చాలా చిన్నది. రక్తంలోనో మూత్రంలోనో భాస్వరం ఎంత ఉన్నదో కొలవాలి. అంతకు ముందున్న పద్ధతులు నెమ్మదిగా సాగేవి, నమ్మదగినవి కావు. వీరిద్దరూ కనిపెట్టిన పద్ధతి ఇలా పనిచేస్తుంది: ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటుకు మాలిబ్డేట్ కలిపితే రెండూ జతకడతాయి. ఆ జతకు తగిన క్షయకరణ పదార్థాన్ని చేర్చితే ద్రావణం నీలిరంగులోకి మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని తెలిసిన నమూనాతో పోల్చి కొలిస్తే చాలు. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని తరతరాల వైద్య విద్యార్థులు ప్రయోగశాలలో చేశారు. నేనూ చేశాను. పరీక్షనాళికలో నీలం తేలుతున్నప్పుడు ఆ రెండవ పేరు మన గోదావరి జిల్లాది అని మా గురువుగారు చెబితే, తరగతి మొత్తం ఒక్క క్షణం ఆ నాళికను మరోసారి చూసింది.

ఒక మంచి కొలబద్ద చేతికి వస్తే కొత్త విషయాలు తామే బయటపడతాయనడానికి తరువాత జరిగినదే సాక్ష్యం. కండరం నుంచి తీసిన ద్రవంలో ఇదే పరీక్ష చేసినప్పుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆలస్యంగా, క్రమక్రమంగా చిక్కబడింది. మరొకరైతే రసాయనాలు పాతబడ్డాయనుకొని సీసాలు మార్చేవారు. వీరు మాత్రం ఆ ఆలస్యానికే కారణం వెతికారు. కండరంలో భాస్వరం విడిగా లేదు. మరేదో పదార్థానికి అంటిపెట్టుకొని ఉండి, ఆమ్లంలో పడ్డాక మెల్లమెల్లగా విడిపోతున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతిని వెల్లడించారు. లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడాది అటువంటి పదార్థాన్ని గుర్తించారు గాని, అది క్రియాటిన్‌తో కూడినదని తేల్చింది హార్వర్డ్ వారు.

దీని ప్రాముఖ్యం తెలియాలంటే అప్పటి నమ్మకం తెలియాలి. లాక్టిక్ ఆమ్లం పుట్టడమే కండరం ముడుచుకోవడానికి కారణమని శాస్త్రలోకం భావిస్తూ ఉండేది. కండరాలపై చేసిన కృషికే హిల్, మెయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ భావన పునాది కదిలింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే కండరం పనిచేయగలదని చూపడంతో అది పూర్తిగా కూలిపోయింది. ఈ లోగా 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలో మరొక భాస్వర పదార్థాన్ని వేరుచేశారు. అదే ఎ.టి.పి., జీవకోటి అంతటా శక్తిని చేతులు మార్చే నాణెం వంటి అణువు. ఇక్కడ ఒక సవరణ చేసుకోవాలి. ఎ.టి.పి.ని సుబ్బారావు గారొక్కరే కనుగొన్నారని మన సభలలో చెప్పడం సరికాదు. జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా అదే సంవత్సరంలో దానిని కనుగొని ప్రకటించాడు. తన వాటా కీర్తి తనకు దక్కని మనిషి తరఫున మనం ఇతరుల వాటాను లాగుకోవడం ఆయనకు గౌరవం కాదు.

కీర్తి దక్కలేదన్నది నిజమే. 1930లో ఆయనకు పిహెచ్.డి. లభించింది. హార్వర్డ్‌లో శాశ్వతమైన ఆచార్య పదవి మాత్రం ఎన్నడూ రాలేదు. కొన్నేళ్ళు అదే ఫిస్కే ప్రయోగశాలలో పనిచేసి, తరువాత 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ ఒక విషయం జ్ఞాపకం చేసుకొన్నారు: సుబ్బారావు అప్పట్లోనే వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే అసూయతో ప్రచురణకు రానీయలేదని, అందువల్ల వాటిని మరికొన్నేళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని. ఇది ఒక సహాధ్యాయి సాక్ష్యం. ఫిస్కే వైపు కథ మనకు చేరలేదు. అయినా పరిశోధనలో చేరబోయే యువతకు ఒక మాట చెప్పక తప్పదు. కనుగొనడం సగం పనే. కాగితం మీద ఎవరి పేరు ఎక్కడ ఉంటుందో, పుస్తకం ఎవరి సొరుగులో ఉంటుందో అన్నది రెండవ సగం. సుబ్బారావు గారికి ఆ రెండవ సగం చేతకాలేదు. ప్రచారమంటే ఆయనకు ఏవగింపు. ఆ గుణాన్ని మనం వినయమని పొగుడుతాం. వైద్య కళాశాలలలో ముప్పై ఏళ్ళు మసలిన తరువాత, అది ఆయనకు చేసిన నష్టం కూడా నాకు కనిపిస్తున్నది.

కండరాల మీద పేరు వచ్చినా ఆయన మనస్సు రక్తహీనత మీదనే ఉన్నది. 1926లో అదే బోస్టన్‌లో మైనట్, మర్ఫీ అనే వైద్యులు ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకు కాలేయాన్ని ఆహారంగా పెట్టి నయం చేశారు. కాలేయంలో ఏ పదార్థం ఆ పని చేస్తున్నదో ఎవరికీ తెలియదు. స్ప్రూ రోగి రక్తం కూడా సూక్ష్మదర్శినిలో దాదాపు అలాగే కనబడుతుంది. సోదరుల రక్తాన్ని పీల్చిన లోపం కూడా ఆ కాలేయంలోనే దాగి ఉన్నదేమో! 1930లలో ఆయన గుట్టలకొద్దీ కాలేయపు సారాన్ని వడపోశారు. లెడర్లే అనే మందుల సంస్థతో సంబంధం ఈ పని ద్వారానే ఏర్పడింది. 1940లో హార్వర్డ్‌ను విడిచి పెర్ల్ రివర్‌లోని వారి పరిశోధనశాలకు వెళ్ళారు. కొద్దికాలంలోనే పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. విశ్వవిద్యాలయం ఇవ్వని స్థానాన్ని ఒక వ్యాపార సంస్థ ఇచ్చింది.

ఈ కథలో మన దేశం మరొకసారి వస్తుంది. 1931లో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, నూలుమిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపింది. 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఒక పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. ఆకులో ఉన్నదీ, ఈస్టులో ఉన్నదీ, కాలేయంలో ఉన్నదీ ఒక్కటేనా? దాన్ని తగినంత పరిమాణంలో చేతికి తెచ్చుకొంటే గాని తేలదు. సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లే బృందం దాని అణునిర్మాణాన్ని ఛేదించి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఆ పత్రం మీద పదహారుగురి పేర్లున్నాయి. స్టోక్‌స్టాడ్, యాంజియర్ వంటి సమర్థులు ఆ బృందంలో ఉన్నారు. పనిని నడిపించినవాడిగా, దానికి ఓపికను ఇచ్చినవాడిగా సుబ్బారావును గుర్తించడమే న్యాయం.

టామ్ స్పైస్ అనే వైద్యుడు ఆ పసుపుపచ్చని పొడిని క్యూబాలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. రోజుల వ్యవధిలో ఆకలి పుట్టింది, నాలుక మానింది, రక్తం పుంజుకొంది. పురుషోత్తం, కృష్ణమూర్తుల మరణం తరువాత రెండు దశాబ్దాలు దాటింది. ఆ వార్త పెర్ల్ రివర్ చేరిన రోజున ఆయన ఏమనుకొన్నారో ఊహించడం నాకు భావ్యం కాదు. కానీ ఇంట్లో చావు చూసి వైద్యంలోకి వచ్చినవారు మనలో కొందరున్నారు. వారికి నేను వివరించనక్కరలేదు.

వెతికినదంతా దొరకలేదన్నది కూడా చెప్పాలి. కాలేయంలో ఆ ప్రాణాంతక రక్తహీనతను నయం చేసే అసలు పదార్థం ఫోలిక్ ఆమ్లం కాదు. ఫోలిక్ ఆమ్లం అటువంటి రోగి రక్తాన్ని బాగుచేస్తుంది గాని నరాల క్షీణతను ఆపదు. అసలు పదార్థం విటమిన్ బి12. దానిని 1948లో మెర్క్ సంస్థ, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థ వేరుచేశాయి. ఆ పందెంలో సుబ్బారావు ఓడిపోయారు. ఓడిన పందెం దారిలో దొరికిన ఫోలిక్ ఆమ్లం మాత్రం నేడు ప్రతి గర్భిణికీ ఇచ్చే మొదటి మాత్ర. శిశువు వెన్నెముక లోపాలను నివారించడానికి 1998 నుంచి ఈ దేశంలో పోషక విలువలు చేర్చిన ప్రతి పిండిలోనూ దానిని తప్పనిసరిగా కలుపుతున్నారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు రొట్టె తిన్న ప్రతిసారీ దానిని తింటున్నట్టే.

ఇక ఆ కథలోని రెండవ మలుపు. కణం రెండుగా చీలాలంటే కొత్త డి.ఎన్.ఏ. కావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రోగనిర్ణయ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇస్తే వ్యాధి తగ్గకపోగా ఉధృతమైనట్టు గమనించాడు. ఇచ్చినందువల్ల పెరిగితే, అడ్డుకొంటే తగ్గాలి కదా! ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని చెడగొట్టే పదార్థాలను లెడర్లే రసాయన శాస్త్రజ్ఞులు అప్పటికే తయారుచేస్తున్నారు. సుబ్బారావు వాటిని ఫార్బర్‌కు పంపించారు. అందులో అమినోప్టెరిన్ అనే దానిని 1947 చివర నుంచి పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో వచ్చిన పత్రంలో, పదహారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసినట్టు ఫార్బర్ ప్రకటించాడు. తాత్కాలికమే, ఆ పిల్లలలో ఎక్కువమందికి వ్యాధి తిరగబెట్టింది. అంతవరకు లుకేమియా అన్న మాట వినగానే తల్లిదండ్రులకు చెప్పడానికి వైద్యుని వద్ద ఏమీ ఉండేది కాదు. మందుతో వెనక్కు నెట్టవచ్చునని మొదటిసారి తెలిసింది అప్పుడే. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఆ తరువాత ప్రసిద్ధికెక్కింది. 1956లో గర్భాశయంలో పుట్టే ఒక రకం క్యాన్సర్‌ను అది పూర్తిగా నయం చేసింది. అందుచేత క్యాన్సర్ మందును సుబ్బారావు కనిపెట్టారనడం కంటే, మందు ఆయన పరిశోధనశాలది, ఆలోచన ఫార్బర్‌ది, పరీక్షకు నిలిచినవారు ఆ పిల్లలు అనడం నిజానికి దగ్గర.

ఆరియోమైసిన్ విషయమూ అంతే. మిస్సోరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దానిని కనుగొన్నది, డెబ్భై దాటిన వయస్సులో లెడర్లేలో పనిచేస్తుండిన బెంజమిన్ డగ్గర్. విశ్వవిద్యాలయం విరమణ ఇచ్చి పంపిన వృద్ధుడికి చోటిచ్చి, మట్టి నమూనాలు పరీక్షించే ఆ విస్తారమైన కార్యక్రమాన్ని నడిపించింది సుబ్బారావు నాయకత్వంలోని విభాగం. టెట్రాసైక్లిన్ వర్గపు మందులకు అదే ఆది.

1948 ఆగస్టులో, ఆరియోమైసిన్ గురించిన తొలి ప్రకటన వెలువడిన కొద్ది వారాలకే, డాక్టర్ సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వయస్సు యాభైమూడు. నా వయస్సు కూడా ఇప్పుడు దాదాపు అంతే. అందుకే కాబోలు, ఆయన జాబితా కంటే ఆయన ఒంటరితనం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. పావు శతాబ్దంలో ఆయన ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదు. భారతీయులకు పౌరసత్వం ఇవ్వవచ్చునని 1946లో చట్టం మారింది గాని, ఆయన అమెరికా పౌరుడు కాకుండానే వెళ్ళిపోయారు. ఆయన మరణించే నాటికి తన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. ఆ స్వతంత్ర దేశాన్ని ఆయన చూడలేదు.

శేషగిరి గారు భర్తను మళ్ళీ చూడలేదు. ఓడ ఎక్కించి పంపిన నాటి నుంచి మరణవార్త విన్న నాటి వరకు ఆమె భర్త ఉన్న స్త్రీగా, భర్త లేకుండా బ్రతికింది. ఈ భాగాన్ని మన సభలలో ఎవరూ చెప్పరు. చెబితే మహనీయుడి గౌరవానికి భంగమనుకొంటారు. నాకు అలా తోచదు. ఫోలిక్ ఆమ్లానికి ధర చెల్లించినవారి పేర్లలో ఆమెది కూడా ఉన్నది. ఆయన వెళ్ళిపోవడాన్ని త్యాగమని కీర్తించే ముందు, త్యాగం చేయమని తనను ఎవరూ అడగని మనిషి ఒకరు పుట్టింట్లో ఉన్నారని గుర్తుంచుకోవాలి. ఇప్పుడు పరిశోధన పేరుతో రాత్రింబవళ్ళు ఆసుపత్రులలో గడిపే మన యువ వైద్యులు, వారి జీవిత భాగస్వాములు ఈ భాగాన్ని తప్పక చదవాలి.

మరణానంతర గౌరవాలు కొన్ని వచ్చాయి. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. మరొకటి మాత్రం గౌరవంగా ఎవరూ లెక్కవేయనిది. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు వెదకే పనిని లెడర్లే చేపట్టింది. అలా దొరికిన హెట్రజాన్‌ను 1947లో ప్రకటించారు. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజైన్. ఫైలేరియా అంటే మనకు తెలిసిన బోదకాలే. గోదావరి డెల్టాలో దోమలు పుట్టే కాలువగట్ల ఊళ్ళలో, ఏనుగు పాదం వంటి కాలితో అరుగు మీద కూర్చున్న పెద్దలను చూడని బాల్యం మా తరంలో ఎవరికీ లేదు. భీమవరం ఉన్నది ఆ డెల్టాలోనే. మా చిన్నతనంలో రాత్రివేళ లాంతరుతో ఇంటికి వచ్చి వ్రేలి కొన నుంచి రక్తపు చుక్క తీసుకొనే ఆరోగ్య సిబ్బంది ఉండేవారు. ఆ క్రిమి రక్తంలోకి వచ్చేది రాత్రిపూటనే గనుక. తరువాతి కాలంలో ప్రభుత్వం ఊరంతటికీ ఏడాదికొకసారి మాత్రలు పంచడం మొదలుపెట్టింది. సిబ్బంది గుమ్మంలో నిలబడి, తమ ఎదుటనే మింగించి, చిటికెన వ్రేలి గోటి మీద సిరాతో గుర్తు పెట్టి వెళతారు. వారి సంచిలో ఉండే ఆ తెల్లని మాత్ర పెర్ల్ రివర్‌లో దొరికిన మందే.